స్నానాల గదికి టైల్స్: ముందు కాలు, తరువాత కన్ను

మన "ఇల్లూ వాకిలీ" శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. "పాత స్నానాల గది బాగుచేయించి టైల్స్ వేయిద్దామనుకుంటున్నాము. ఏ టైల్స్ మంచివి? ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవాలి?" అని. ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడు, క్రిస్మస్ దగ్గర పడినప్పుడు, గల్ఫ్‌లో ఉన్న పిల్లలు సెలవుకు వస్తున్నామని ఫోను చేసినప్పుడు ఈ ఆలోచన పుట్టని ఇల్లు ఉండదు. గనుక ఈ నెల ఆ సంగతే మాట్లాడుకుందాము.

మా మాట ముందే చెప్పేస్తాము. స్నానాల గది విషయంలో ముందు కాలు జారకుండా చూసుకోవాలి, తరువాత నీరు ఇంకకుండా చూసుకోవాలి, ఆఖరున కంటికి ఇంపుగా ఉండేట్టు చూసుకోవాలి. దుకాణానికి వెళితే మాత్రం ఈ వరుస తలక్రిందులవుతుంది. అక్కడ దీపాల వెలుగులో ముందు కన్నే మాట్లాడుతుంది. కాలు, నీరు ఇంటికి వచ్చాక మాట్లాడతాయి. అప్పటికి డబ్బు అయిపోయి ఉంటుంది.

నీరు కిందనుంచే వస్తుంది

ధవళేశ్వరం చుట్టుపక్కల ఉన్నవాళ్లకు నీటి సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన పాత ఆనకట్టను తలుచుకోండి. రాయి ధవళేశ్వరం కొండ నుంచే వచ్చింది. కానీ ఏటి అడుగున ఉన్నది ఇసుక. కాటన్ దొరగారి పనిలో కష్టమంతా పైన కనిపించే రాతి కట్టడంలో లేదు. ఆ కట్టడం కింద నుంచి నీరు ఇసుకను తోడుకుపోకుండా చేయడంలో ఉంది. అందుకే ఇసుకలోకి బావులు దించి, వాటి మీద పునాది నిలబెట్టారు. ఇప్పుడు మనం దాటి వెళ్లే బ్యారేజి 1982లో పూర్తయింది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు ఆ నీరు దాని మీదుగానే సముద్రానికి పోయింది.

అంత పెద్ద పనికీ మన అయిదడుగుల స్నానాల గదికీ పోలికేమిటి అంటారేమో. నీటి గుణం రెండుచోట్లా ఒక్కటే. అది ఎదురుగా వచ్చి గోడను పడగొట్టదు. సందు చూసుకుని కిందకి దిగుతుంది. టైల్స్ మధ్య సన్నని గీత చాలు. రోజుకు నాలుగు బక్కెట్ల నీళ్లు ఆ గీతలోంచి కొంచెం కొంచెంగా దిగి, నేల కింద మట్టిని మెత్తన చేస్తాయి. మన డెల్టా మట్టి ఒండ్రు నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలు తీస్తుంది. నేల ఒకవైపు కుంగిందంటే ఆ పైన ఎంత ఖరీదైన టైలు ఉన్నా పగలక తప్పదు. అవతలి గదిలో గోడ అడుగున సున్నం పొరలు పొరలుగా ఊడి, తెల్లగా ఉప్పు పూసినట్టు కనిపిస్తే, ఆ జబ్బు స్నానాల గదిలోనే పుట్టిందేమో ముందు చూసుకోవాలి.

పాత నేలలను తేలికగా చూడవద్దు

టైల్స్ రాకముందు మన ఇళ్లలో ఏముండేవి? దొడ్లో తడిక కట్టి, నాలుగు బండలు పరిచి, పక్కన గోలెం పెడితే అదే స్నానాల గది. కొంచెం కలిగిన ఇంట్లో సున్నపు గచ్చు, ఆ తరువాత సిమెంటు గచ్చు, ఎర్ర రంగు వేసి నునుపు చేసిన నేల. ఇంకొందరు కడప బండలు, బేతంచర్ల బండలు, తాండూరు బండలు తెప్పించి పరిపించుకున్నారు. ఈ బండలు ఇప్పటికీ మంచివే. పాలిష్ పట్టని బండ మీద తడి కాలు బాగా నిలుస్తుంది. ధర కూడా చాలా టైల్స్ కంటె తక్కువే.

వీటికి ఒక్క శత్రువు ఉంది. ఈ బండలన్నీ సున్నపురాయి జాతివి. సున్నపురాయి మీద యాసిడ్ పడితే బుసబుస పొంగి రాయిని తినేస్తుంది. మరకలు పోవాలని యాసిడ్ పోసి కడిగిన బండ నెలలు గడిచేకొద్దీ గుంటలు పడి, మురికి మరింత పట్టుకుంటుంది. బండలు వేయించుకున్నవాళ్లు సబ్బు నీళ్లు, కొబ్బరి పీచు దాటి పోనక్కరలేదు.

టైలు అంటే కాల్చిన మట్టే

టైలు మనకు కొత్త వస్తువు కాదు. ఇంటి పైకప్పు మీద ఉన్న మంగుళూరు పెంకు కూడా టైలే. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు ఆ పెంకుల కర్మాగారం పెట్టారు. బాప్తిస్మం పొంది, కులవృత్తి పోగొట్టుకున్న కుటుంబాలకు పని కల్పించడం వారి ఉద్దేశాలలో ఒకటి. ఆ పెంకు పేరు మన గోదావరి పల్లెల దాకా వచ్చింది.

పెంకైనా, టైలైనా కిటుకు ఒక్కటే. మట్టిని ఎంత మెత్తగా నూరి, ఎంత గట్టిగా అదిమి, ఎంత వేడిలో కాలిస్తే అది అంత తక్కువ నీరు పీలుస్తుంది. దీన్ని బట్టి దుకాణంలో ఉండే టైల్స్‌ను మూడు తరగతులుగా చూడవచ్చు.

మొదటిది గోడ టైలు. వెనుక భాగం మెత్తగా, సుద్దలా ఉంటుంది. తన బరువులో నూటికి పదివంతులకు పైగా నీరు పీల్చుకోగలదు. పైన గాజు పూత ఉంటుంది గనుక గోడ మీద బాగా పనిచేస్తుంది. నేల మీద వేస్తే బరువుకు పగులుతుంది, తడికి జారుతుంది. రంగు నచ్చిందని గోడ టైలునే నేలకు కూడా వేయించేవాళ్లున్నారు. అది వద్దు.

రెండవది నేలకు చేసిన సిరామిక్ టైలు. ఇది గోడ టైలు కంటె గట్టిది, నీరు తక్కువ పీలుస్తుంది. పైన గరుకుగా ఉన్న రకం తీసుకుంటే స్నానాల గదికి సరిపోతుంది.

మూడవది విట్రిఫైడ్ టైలు. చాలా ఎక్కువ వేడిలో కాల్చినది. నూటికి అరవంతు కూడా నీరు పీల్చదు. గట్టితనంలో దీనికి సాటి లేదు. కానీ రెండు చిక్కులున్నాయి. మెరుపు పట్టిన విట్రిఫైడ్ టైలు తడిస్తే అద్దంలా జారుతుంది. రెండవది, నీరు పీల్చదు గనుక మామూలు సిమెంటు పాలు దాన్ని గట్టిగా పట్టుకోలేవు. దానికి టైల్స్ అంటించే ప్రత్యేకమైన గమ్ము, అంటే అడ్హెసివ్ వాడాలి. ఈ సంగతి మేస్త్రితో ముందే తేల్చుకోవాలి.

ఇప్పుడు మన దేశంలో టైల్స్ ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తున్నాయి. ఒకప్పుడు మన గౌతమి ఒడ్డున యానాంలోనే రీజెన్సీ సిరామిక్స్ కర్మాగారంలో టైల్స్ తయారయ్యేవి. 2012 జనవరిలో అక్కడ జరిగిన విషాదకరమైన కార్మిక గొడవల తరువాత అది మూతపడి ఏళ్ల తరబడి పని ఆగిపోయింది. ఏ కంపెనీ టైలైనా ఈ రోజు ఉన్న రంగు, డిజైను రేపు దొరుకుతుందన్న నమ్మకం లేదు. నాలుగు టైల్స్ పగిలితే వాటికి జత దొరకక గది అంతా తిరిగి చేయించుకోవలసిన పరిస్థితి వస్తుంది. గనుక కొనేటప్పుడే ఒక పెట్టె ఎక్కువ కొని అటక మీద దాచుకోవడం మంచిది.

కాలుకు మొదటి మాట

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రమాదాల వల్ల కలిగే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాత స్థానం కింద పడిపోవడానిదే. అలా చనిపోయేవారిలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. పెద్దవయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మనలో చాలామందికి కళ్లారా తెలుసు. అంతవరకు ఆదివారం ఆరాధనకు నడిచి వచ్చిన మనిషి మంచానికి అతుక్కుపోతారు. ఆసుపత్రి ఖర్చుకు పొలం తాకట్టు పెట్టిన ఇళ్లు ఉన్నాయి. ఆ పడడం చాలాసార్లు తడి నేల మీదే జరుగుతుంది.

మాకు బాగా తెలిసిన ఒక ఇంటి సంగతి చెబుతాము. ధవళేశ్వరంలో కాలవగట్టు దగ్గర ఇల్లు. ముసలి దంపతులిద్దరే ఉంటారు. కువైట్‌లో పనిచేసే కూతురు స్నానాల గది బాగుచేయించుకోమని డబ్బు పంపింది. మామ్మగారు మమ్మల్ని కూడా దుకాణానికి రమ్మన్నారు. మేస్త్రి ముందే వచ్చి, తెల్లగా మెరిసే రెండడుగుల టైలు ఒకటి పక్కన పెట్టించి ఉంచాడు.

"ఇది చూడండి మామ్మగారూ! వేయించామంటే స్టారు హోటల్లా ఉంటాదండీ. అమ్మాయిగారు చూసి మురిసిపోతారండీ" అన్నాడు.

మామ్మగారు ఆ టైలు కింద పెట్టించి, చెంబుతో నీళ్లడిగి దాని మీద పోశారు. చెప్పు విప్పి, మా భుజం పట్టుకుని కాలు మోపి చూశారు. కాలు ముందుకు జరిగింది.

"ఇది మీ అమ్మాయిగారికి బాగుంటది బాబూ. అదేమో రెండేళ్లకోసారి వస్తది. రోజూ పొద్దున్నే ఇందులోకి పోవాల్సింది నేనూ మీ తాతగారూను" అన్నారు.

"మరి గరుకు టైలైతే మురికి పట్టేస్తాదండీ, ఎవరు తోముతారండీ?"

"మురికైతే తోముకోవచ్చు. ఎముక విరిగితే ఎవరు తోముతారు?"

మేస్త్రి నవ్వేశాడు. బూడిద రంగులో గరుకుగా ఉన్న అడుగు టైలు బేరమాడి ఆయనే ఆటోలో వేయించాడు. ఆ మెరిసే టైలు మీద పెట్టాలనుకున్న సొమ్ములో మిగిలినదాంతో గోడకు పట్టుకునే కడ్డీలు వచ్చాయి.

మామ్మగారు చేసిన పరీక్షే మేము అందరికీ చెప్పేది. టైలు మీద నీళ్లు పోసి, వీలైతే కాస్త సబ్బు కూడా రాసి, ఉత్తకాలితో మోపి చూడండి. మంచి కంపెనీల పెట్టెల మీద, పుస్తకాల మీద ఆర్ 9, ఆర్ 10, ఆర్ 11 అని అంకెలుంటాయి. అంకె పెరిగిన కొద్దీ పట్టు పెరుగుతుంది. స్నానాల గది నేలకు ఆర్ 10కి తగ్గవద్దు. పెద్దవాళ్లున్న ఇంట్లో ఆర్ 11 తీసుకోండి. ఇంకొక మాట. నేలకు పెద్ద టైలు కంటె అడుగు టైలు, అంతకంటె చిన్నది మేలు. టైలు చిన్నదైతే గీతలు ఎక్కువ, గీతలు ఎక్కువైతే కాలికి పట్టు ఎక్కువ. మేస్త్రికి నాలుగు వైపుల నుంచి వాటం పెట్టడం కూడా తేలిక.

నేల కింద పని

ఇక నీటి సంగతి. పాత నేల పగలగొట్టిన రోజే ఇంటివాళ్లు దగ్గరుండాలి. టైల్స్ పరిచే రోజు కంటె ఆ రోజే ముఖ్యమైనది.

నేల మీది గది అయితే పాత మట్టి తడిసి ఉంటే తీసేయించి, గ్రావెలూ ఇసుకా పొరలు పొరలుగా పోయించి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించాలి. దాని మీద మూడు నాలుగు అంగుళాల కంకర కాంక్రీటు. పాత ఇనప గొట్టాలు తుప్పుపట్టి ఉంటే ఇప్పుడే మార్చేయాలి. టైల్స్ వేశాక గొట్టం కారితే మళ్లీ గోడ పగలగొట్టవలసిందే. కొత్త గొట్టాలు వేశాక, గోడ పూడ్చకముందే, నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచి కీళ్లన్నీ చేత్తో తడిమి చూడాలి.

తరువాత నీరు ఇంకకుండా చేసే పూత. సిమెంటుతో కలిపి కుంచెతో పూసే మందులు దుకాణాలలో దొరుకుతున్నాయి. రెండు చేతులు పూయాలి. మొదటి చెయ్యి నిలువుగా వేస్తే రెండవది అడ్డంగా వేయాలి. నేలంతా పూసి, చుట్టూ గోడకు అడుగెత్తు, స్నానం చేసే వైపు ఆరడుగుల ఎత్తు వరకు పూయించాలి. నేల, గోడ కలిసే మూలలు ముందుగా సిమెంటుతో గుండ్రంగా తీర్చి ఆ తరువాత పూయాలి. నీరు దిగేది ఎక్కువగా ఆ మూలల్లోంచి, గొట్టాలు నేలలోకి దిగే చోట్లనుంచే.

పూత ఆరిన తరువాత పరీక్ష పెట్టాలి. నీరు పోయే తూముకు గుడ్డ కుక్కి, గడప దగ్గర మట్టికట్ట వేసి, రెండంగుళాల నీరు నిలబెట్టి, గోడ మీద పెన్సిలుతో గీత పెట్టండి. రెండు రోజులు ఉంచండి. ఎండకు కాస్త తగ్గడం వేరు, అంగుళం దిగిపోవడం వేరు. మేడ మీది గది అయితే కింది గదిలో కప్పు కూడా చూడండి. నీరు దిగితే మళ్లీ పూయించాలి. ఈ రెండు రోజులు ఆగడానికి మేస్త్రులు తొందరపడతారు. వాళ్ల కూలి వాళ్లది, అందులో తప్పులేదు. అందుకే ఆ రెండు రోజులూ పని ఉండదని బేరం కుదిర్చిన రోజే చెప్పాలి.

ఇంకొకటి వాటం. తూము వైపు అయిదడుగుల దూరానికి ముప్పావంగుళం నుంచి అంగుళం వరకు వాటం ఉండాలి. అంతకు తగ్గితే నీరు నిలిచి పాకుడు పడుతుంది. మరీ ఎక్కువైతే పెద్దవాళ్లకు నిలబడడం కష్టమవుతుంది. నేల పూర్తయ్యాక ఒక బక్కెట్టు నీళ్లు దూరంగా ఉన్న మూలలో పోసి చూడండి. అన్ని వైపుల నుంచి తూము దగ్గరకు రావాలి. తూము కింద నీరు నిలిచే బుడ్డి, అంటే ట్రాపు, తప్పకుండా పెట్టించాలి. అందులో రెండంగుళాల నీరు నిలిచి ఉంటేనే మురుగు వాసన, బొద్దింకలు పైకి రాకుండా ఉంటాయి.

టైల్స్ పరచడంలో గమనించవలసినవి

గోడ టైల్స్‌ను సిమెంటుతో అంటించేటట్లయితే ముందుగా నీళ్లలో నానబెట్టాలి. బుడగలు రావడం ఆగిన తరువాత తీసి, తడి ఆరనిచ్చి వాడాలి. లేకపోతే పొడి టైలు సిమెంటులోని నీటిని పీల్చేసి, సిమెంటు గట్టిపడకుండానే ఎండిపోతుంది. విట్రిఫైడ్ టైల్స్‌కు, గమ్ముతో అంటించేవాటికి ఈ నానబెట్టడం అక్కరలేదు.

టైలు వెనుక నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి గోడకు నొక్కే పద్ధతిని ఒప్పుకోవద్దు. మధ్యలో బోలుగా ఉండిపోతుంది. ఆ బోలులో నీరు చేరుతుంది, బరువైనది తగిలితే పగులుతుంది. గమ్మును పళ్లున్న తాపీతో గోడంతా గీసినట్టు పరిచి, టైలు వెనుకంతా అంటుకునేలా నొక్కాలి. ఆరిన మర్నాడు ఒక రూపాయి బిళ్లతో తట్టి చూడండి. బోలు చప్పుడు వచ్చిన టైలును అప్పుడే తీయించి మళ్లీ పెట్టించాలి.

టైల్స్ మధ్య సందు లేకుండా అతికిస్తే అందమని కొందరు అనుకుంటారు. ఎండకు, చలికి టైలు కొంచెం సాగుతుంది, ముడుచుకుంటుంది. సందు లేకపోతే ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి. ప్లాస్టిక్ బిళ్లలు పెట్టి రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలించండి. కనీసం ఒక రోజు ఆగి ఆ సందులు నింపించండి. నేల సందులకు తెల్ల సిమెంటు వద్దు. వరదల రోజుల్లో గోదావరి ఎర్రనీరు వచ్చే ఇళ్లలో అది నెల తిరగకుండా ఎర్రబడుతుంది. బూడిద రంగు, లేక టైలు రంగుకు దగ్గరది ఎంచుకోండి. డబ్బు కలిస్తే నేల వరకైనా ఎపాక్సీ మందు నింపించుకుంటే నీరు, మరక రెండూ పట్టవు.

పాత టైల్స్ పగలగొట్టకుండా వాటి మీదే కొత్తవి అంటించవచ్చా అని అడిగారు. పాతవి గట్టిగా ఉండి, ఎక్కడా బోలు చప్పుడు రాకుండా, కింద చెమ్మ లేకుండా ఉంటే గోడకు చేయవచ్చు. నేలకు మాత్రం ఆలోచించండి. నేల అరంగుళం పైకి లేస్తుంది, తలుపు తగులుతుంది, వాటం చెడుతుంది. చెమ్మ ఉన్న గదిలో అలా చేస్తే జబ్బును కప్పిపెట్టినట్టే.

లెక్క

ఒక ఉదాహరణ చూద్దాము. గది ఎనిమిది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. నేల 40 చదరపు అడుగులు. అడుగు టైల్స్ 40, విరిగేవాటికి నూటికి పది కలిపితే 44.

గోడలు చుట్టూ 26 అడుగులు. ఏడడుగుల ఎత్తు వరకు వేయిస్తే 182 చదరపు అడుగులు. రెండున్నర అడుగుల తలుపు తీసేస్తే 164న్నర. పన్నెండు అంగుళాలకు పద్దెనిమిది అంగుళాల టైలు ఒకటి ఒకటిన్నర చదరపు అడుగులు. అంటే 110 టైల్స్, విరిగేవాటితో 121.

ఇప్పుడు ఇంకో విధంగా. చుట్టూ నాలుగడుగుల ఎత్తు, నీళ్లు చిమ్మే వైపు మాత్రమే తొమ్మిదడుగుల మేర ఏడడుగుల ఎత్తు వరకు వేయిద్దాము. విరిగేవాటితో కలిపి 89 టైల్స్ చాలు. 32 టైల్స్ మిగిలాయి. వాటి ఖరీదు, అంటించే కూలి కలిపి నీరు ఇంకని పూతకు చాలావరకు సరిపోతుంది. మిగిలిన గోడకు మంచి సిమెంటు పూత, రంగు వేయించుకోవచ్చు. కనిపించే చోట తగ్గించి కనిపించని చోట పెట్టడం ఇలా.

కొనేటప్పుడు పెట్టెలన్నిటి మీద బ్యాచి నంబరు, షేడు నంబరు ఒక్కటే ఉన్నాయో లేదో మీరే చూడండి. నంబరు మారితే రంగులో తేడా వస్తుంది. అది గోడకు ఎక్కించిన తరువాతనే కనిపిస్తుంది.

పెద్దవాళ్ల నిమిత్తం

బాగుచేయిస్తున్నప్పుడే ఇవి కూడా చేయించండి. కమోడు పక్కన, స్నానం చేసే చోట గోడకు స్టీలు కడ్డీలు పెట్టించండి. అవి టైలు మీద స్క్రూతో నిలబడవు. ఇటుకలోకి దిగాలి. పెద్దమనిషి పూర్తి బరువు వేసినా కదలకూడదు. తలుపు బయటకు తెరుచుకునేలా పెట్టించండి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తోయడం ఎవరి వల్లా కాదు. గడియ కూడా బయటనుంచి తీయడానికి వీలున్నది వేయించండి. గడప ఎత్తు తగ్గించండి. దీపం స్విచ్చి గది బయట, చెయ్యి అందే ఎత్తులో ఉండాలి. కూర్చుని స్నానం చేయడానికి ఒక చిన్న అరుగు కట్టించి, అంచులు గుండ్రంగా తీర్పించండి. ఇవన్నీ కలిపినా ఒక ఖరీదైన వాష్ బేసిన్ ధర కాకపోవచ్చు.

శుభ్రం చేసేటప్పుడు

టైల్స్ అయినా సరే యాసిడ్‌తో తరచుగా కడగవద్దు. టైలుకు ఏమీ కాకపోయినా సందుల్లోని సిమెంటును తినేస్తుంది. సందు పోతే నీరు దిగుతుంది. బోరు నీళ్ల వల్ల పట్టే తెల్లని చారలకు నిమ్మరసం గాని, వెనిగర్ గాని నీళ్లలో కలిపి రుద్ది, వెంటనే కడిగేయండి. ఇది టైల్స్‌కు మాత్రమే, బండలకు కాదు.

ఇంకొక సంగతి ఇంటిలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. బ్లీచింగు పొడిని, యాసిడ్‌ను ఎన్నడూ కలపవద్దు. ఒకటి వేసి కడగకుండా రెండవది కూడా పోయవద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణం తీయగలదు. ఇంట్లో పనికి సాయం వచ్చే అమ్మాయికి, సెలవుల్లో తల్లికి సాయం చేసే పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి. నిమ్మరసం, వెనిగర్ కూడా బ్లీచింగుతో కలపకూడదు.

పని మొదలుపెట్టేముందు మేస్త్రిని కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఈ నాలుగు మాటలు ఒక కాగితం మీద రాసుకోండి: పూత ఎన్ని చేతులు, నీళ్లు నిలబెట్టే పరీక్ష ఎన్ని రోజులు, వాటం ఎంత, బోలు టైల్స్ ఎవరు మారుస్తారు. మంచి మేస్త్రి దీనికి నొచ్చుకోడు. తన పని తెలిసిన ఇంట్లో పనిచేయడం ఆయనకూ ఇష్టమే.

మీ గది కొలతలు, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరున్నారో రాస్తే, మాకు తెలిసినంతలో జవాబు ఇస్తాము. వచ్చే నెల వానాకాలానికి ముందు పెంకుటిళ్ల కప్పు సర్దించుకోవడం గురించి చెప్పుకుందాము.